మళ్ళీ రోజర్ అయిన సిడ్ బారెట్

మన హాస్టల్ కారిడార్‌లో ఐదు నిమిషాలు నిలబడితే ఆ టీ షర్టు ఒక్కటైనా కనిపిస్తుంది. నల్ల రంగు, మధ్యలో త్రికోణం. ఒక పక్క నుంచి తెల్లటి గీత లోపలికి వెళ్ళి, ఇంకో పక్క నుంచి ఆరు రంగుల్లా బయటికొస్తుంది. అది ఫిజిక్స్ టీ షర్టు అనుకుని కొన్నవాళ్ళు కూడా ఉన్నారు (నేనే). నిజానికి అది పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1973లో తెచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్ అట్ట మీది బొమ్మ. ఆ ఆల్బమ్ ఇప్పటిదాకా 4 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయింది.

ఆ బ్యాండ్‌కి ఆ పేరు పెట్టినవాడు, మొదటి హిట్ పాటలు రాసి పాడినవాడు, గిటార్ వాయించినవాడు ఆ ఆల్బమ్‌లో లేడు. అప్పటికే అతన్ని పక్కన పెట్టి ఐదేళ్ళయింది. అతని పేరు సిడ్ బారెట్.

ఈ సంచికకి గతించిన ప్రముఖుల మీద రాయమని మా క్లబ్ గ్రూప్‌లో మెసేజ్ రాగానే అరగంటలో మంచి పేర్లన్నీ అయిపోయాయి. శ్రీశ్రీని ఒకరు, విశ్వేశ్వరయ్యని ఒకరు, ఘంటసాలని ఇంకొకరు తీసేసుకున్నారు. నేను సిడ్ బారెట్ అని టైప్ చేస్తే మూడు ప్రశ్న గుర్తులు వచ్చాయి. ఎవరో తెలియని వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగు అక్కడక్కడా తడబడుతుంది, సర్దుకోండి. ఇంకో మాట. పాటలు రాసినన్నాళ్ళు సిడ్ ఇంచుమించు మన వయసువాడే కాబట్టి 'అతను' అనే రాస్తాను.

కేంబ్రిడ్జ్ అబ్బాయి

అసలు పేరు రోజర్ కీత్ బారెట్. 1946 జనవరి 6న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో నాలుగోవాడు. నాన్న డాక్టర్, పాథాలజిస్ట్. మొక్కలన్నా పుట్టగొడుగులన్నా ఆయనకి బాగా ఇష్టం. ఇంట్లో పియానో ఉండేది. చిన్నప్పుడు చెల్లెలు రోజ్‌మేరీతో కలిసి పియానో వాయించి బహుమతి కూడా తెచ్చుకున్నాడు. ఈ చెల్లెల్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

అతనికి ఇంకో నెలలో 16 ఏళ్ళు నిండుతాయనగా, 1961 డిసెంబర్‌లో నాన్న చనిపోయారు. రోజూ డైరీ రాసే అలవాటున్న అబ్బాయి ఆ రోజు పేజీ ఖాళీగా వదిలేశాడు. ఇల్లు గడవడానికి అమ్మ గదులు అద్దెకిచ్చింది.

సిడ్ అన్న పేరు ఊళ్ళోని జాజ్ క్లబ్బులో వచ్చింది. అక్కడ సిడ్ బారెట్ అనే పెద్దాయన వాయించేవాడు, ఇంటిపేరు ఒకటే కావడంతో ఈ అబ్బాయినీ సిడ్ అని పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ రోజరే.

గిటార్ కంటే ముందు అతనికి బొమ్మలే లోకం. కేంబ్రిడ్జ్‌లో ఆర్ట్ స్కూల్లో చేరాడు. అదే కాలేజీలో భాషలు చదువుతున్న డేవిడ్ గిల్మోర్ అనే అబ్బాయి పరిచయమయ్యాడు. మధ్యాహ్నం భోజనం టైములో ఇద్దరూ కూర్చుని గిటార్ సాధన చేసేవాళ్ళు. 1964లో పెయింటింగ్ చదవడానికి లండన్‌లోని కాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్‌కి వెళ్ళాడు. అంటే అధికారికంగా అతను చిత్రకారుడు. పాటలు సైడ్ ప్రాజెక్ట్.

సిలబస్‌లో లేని బ్యాండ్

ఈ భాగం మనకి బాగా అర్థమవుతుంది. లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిక్ రైట్ అని ముగ్గురు ఆర్కిటెక్చర్ చదవడానికి చేరారు. చదువు కంటే బ్యాండ్ మీద ధ్యాస ఎక్కువ. వాటర్స్‌ది కూడా కేంబ్రిడ్జే. సిడ్‌కి స్కూల్లో సీనియర్, పైగా వాటర్స్ వాళ్ళ అమ్మ చిన్న తరగతుల్లో సిడ్‌కి టీచర్. అలా సిడ్ ఆ బ్యాండ్‌లోకి వచ్చాడు. బ్యాండ్ పేర్లు మారుతూ ఉంటే, సిడ్ తన దగ్గరున్న రికార్డుల్లోని ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు, పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్, రెంటిలోంచి చెరో ముక్క తీసి కలిపాడు.

మొదట్లో వాళ్ళూ అందరిలాగే అమెరికన్ పాటలే వాయించేవాళ్ళు. మార్చింది సిడ్. గిటార్‌కి గుండ్రటి అద్దం బిళ్ళలు అతికించాడు. సిగరెట్ లైటర్‌ని తీగల మీద జార్చేవాడు. ఆ శబ్దాన్ని ఎకో మెషీన్‌లోకి పంపితే అది తిరిగి తిరిగి, అసలు శబ్దం ఏదో ప్రతిధ్వని ఏదో తెలియకుండా పోయేది. 1966 చివర్లో లండన్‌లో మొదలైన యూఎఫ్ఓ క్లబ్బులో వీళ్ళు వాయిస్తుంటే వెనక లైట్ షో నడిచేది. గాజు స్లైడ్ల మధ్య రంగు ద్రవాలు వేసి ప్రొజెక్టర్‌లో పెట్టేవాళ్ళు. బల్బు వేడికి ఆ రంగులు కదిలి, బుడగలు కట్టి, గోడల మీదా వాయించేవాళ్ళ మీదా పాకేవి. కంప్యూటర్ లేదు, కోడ్ లేదు. పాటకి చూసే అనుభవం కూడా ఉంటుందని ఒక పెయింటర్‌కి తోచడంలో ఆశ్చర్యమేముంది?

1967

1967 ఫిబ్రవరిలో ఈఎంఐ కంపెనీ 5,000 పౌండ్ల అడ్వాన్స్ ఇచ్చి ఒప్పందం చేసుకుంది. సిడ్‌కి 21 ఏళ్ళు. మార్చిలో మొదటి రికార్డు 'ఆర్నల్డ్ లేన్' వచ్చింది. ఆరేసిన ఆడవాళ్ళ బట్టలు దొంగిలించే ఒక మనిషి గురించిన పాట అది. గదులు అద్దెకిచ్చిన ఇళ్ళల్లో, దండేల మీంచి బట్టలు మాయమవడం కేంబ్రిడ్జ్‌లో నిజంగా జరిగిందే. ఒక రేడియో స్టేషన్ ఆ పాటను నిషేధించింది, అయినా చార్టులో 20వ స్థానం దాకా వెళ్ళింది. జూన్‌లో వచ్చిన 'సీ ఎమిలీ ప్లే' 6వ స్థానానికి వెళ్ళింది. ఆగస్టులో మొదటి ఆల్బమ్ 'ది పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్'. 'ది విండ్ ఇన్ ద విల్లోస్' అనే పిల్లల నవలలోని ఒక అధ్యాయం పేరే ఆల్బమ్ పేరు. అబ్బీ రోడ్ స్టూడియోలో వీళ్ళు ఒక గదిలో రికార్డు చేస్తుంటే ఇంకో గదిలో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' పనిలో ఉన్నారు.

ఆ ఆల్బమ్‌లో 11 పాటలుంటే 8 సిడ్ ఒక్కడే రాసినవి. వెనక అట్ట మీది బొమ్మ కూడా అతనిదే. నేను మొదటిసారి విన్నప్పుడు ఏదో భయంకరమైన మత్తు సంగీతం ఉంటుందని సిద్ధపడి కూర్చున్నాను. తీరా చూస్తే ఒక పాట సైకిల్ గురించి, ఒకటి పిల్లి గురించి, ఒకటి దిష్టిబొమ్మ గురించి, ఇంకోటి మరుగుజ్జు గురించి. జ్వరం వచ్చిన చిన్నపిల్లాడు కళ్ళు మూసుకుంటే కనిపించే లోకంలా ఉంది. అమ్మ కథ చెప్పడం ఆపేస్తే, ఆపకు అని బతిమాలే పిల్లాడి పాట కూడా ఉంది. సైకెడెలిక్ ఫోక్ అని ఇప్పుడు మనం పేరు పెట్టే దానికి ఇక్కడే ఒక వేరు ఉంది. చేతిలో మామూలు గిటార్, పల్లెపాటలాంటి తేలికైన బాణీ, లోపల మాత్రం కలలో ఉండే తర్కం.

ఇదంతా ఒక్క ఏడాదిలో. అదే ఏడాదిలో అతను జారిపోవడం కూడా మొదలైంది.

ఎల్‌ఎస్‌డీ చాలా తీసుకున్నాడు. దాన్ని గొప్పగా చెప్పేవాళ్ళు మన క్యాంపస్‌లోనూ ఉన్నారు కాబట్టి ఇది సూటిగానే రాస్తున్నా. దానివల్ల అతని పాటలు బాగుపడ్డ దాఖలా నాకు కనబడలేదు, పాటలు ఆగిపోయిన దాఖలా మాత్రం కనబడింది. అదొక్కటే కారణమా, లోపల ముందే ఏదైనా ఉందా అన్నది తేల్చడానికి నేను డాక్టర్ని కాను. బయటికి కనిపించింది ఇది: స్టేజీ మీద పాట నడుస్తుంటే ఒకే స్వరం వాయిస్తూ ఉండిపోయేవాడు. కొన్నిసార్లు చేతులు వేలాడేసి నిలబడేవాడు. నవంబర్‌లో అమెరికా వెళ్తే టీవీ షోలో అడిగినదానికి జవాబివ్వకుండా చూస్తూ ఉండిపోయాడు. పర్యటన మధ్యలోనే ముగించుకుని వచ్చేశారు.

కారు ఆగని రోజు

1968 జనవరిలో సిడ్ పాత స్నేహితుడు గిల్మోర్‌ని బ్యాండ్‌లోకి తెచ్చారు. సిడ్ వాయించలేనప్పుడు అతను సర్దుకోవాలి, అదీ ప్లాన్. కొన్ని ప్రదర్శనలు ఐదుగురూ కలిసి ఇచ్చారు. ఆ రోజుల్లోనే సిడ్ ఒక కొత్త పాట తెచ్చి మిగతావాళ్ళకి నేర్పబోయాడు. వాళ్ళు పట్టుకునేలోపు బాణీ మార్చేసేవాడు. మళ్ళీ పట్టుకునేలోపు మళ్ళీ మార్చేవాడు. మీకు వచ్చిందా అని మాత్రం అడుగుతూనే ఉన్నాడు. చివరికి వాటర్స్ గిటార్ పక్కన పెట్టేశాడు. అది వేళాకోళమో, వీడ్కోలో!

జనవరి 26న సౌతాంప్టన్‌లో ప్రోగ్రాం. అందరూ కారులో బయల్దేరారు. దారిలో సిడ్‌ని ఎక్కించుకోవాలి. ఎక్కించుకుందామా అని ఒకరు అడిగారు. వద్దులే అన్నారు ఇంకొకరు. కారు ఆగలేదు. అంతే. గొడవ లేదు, మీటింగ్ లేదు. ఏప్రిల్‌లో సిడ్ బ్యాండ్‌లో లేడని ప్రకటించారు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలి. పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్ట్ టీమ్‌లో నలుగురం. ఐడియా మా వాడొకడిది. స్క్రీన్లన్నీ వాడే నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీశాడు. ఇప్పటికీ మా యాప్ ఆ బొమ్మల్లాగే ఉంటుంది. మిడ్స్ తర్వాత వాడు ల్యాబ్‌కి రావడం తగ్గించాడు. పగలంతా పడుకునేవాడు. మెసేజ్ చూసేవాడు, జవాబిచ్చేవాడు కాదు. రివ్యూ రోజు పొద్దున వాడి గది ముందు నుంచే వెళ్ళాం. లేపుదామా అని ఒకడు అడిగాడు. వదిలెయ్, లేటవుతుంది అన్నది నేను. రివ్యూలో మాకు మంచి మార్కులు వచ్చాయి. వాడికి అటెండెన్స్ సరిపోక డిటెయిన్ అయి ఇంటికెళ్ళిపోయాడు.

పింక్ ఫ్లాయిడ్ వాళ్ళని తిట్టడానికి నాకు అర్హత లేదని అర్థమైంది. వాళ్ళకీ అప్పుడు 21, 24 ఏళ్ళే. ప్రోగ్రాం ఉంది, అప్పులున్నాయి, పక్కవాడికి ఏమైందో అడగడానికి మాటలు లేవు. మాకూ లేవు.

ఒంటరిగా రెండు ఆల్బమ్‌లు

సిడ్ అక్కడితో ఆగిపోలేదు. 1970లో రెండు సొంత ఆల్బమ్‌లు వచ్చాయి: జనవరిలో 'ది మ్యాడ్‌క్యాప్ లాఫ్స్', నవంబర్‌లో 'బారెట్'. నాకిష్టమైన సిడ్ ఇక్కడే ఉన్నాడు. చాలా పాటల్లో ముందు వినిపించేది గిటార్, గొంతు. రంగు లైట్లు లేవు. జేమ్స్ జాయిస్ రాసిన ఒక చిన్న కవితకి బాణీ కట్టి పాడాడు. తాళం ఎక్కడ తెగుతుందో ఎక్కడ అతుకుతుందో తెలియదు. సాఫ్ట్ మెషీన్ అనే మరో బ్యాండ్ వాళ్ళు కొన్నిటికి వాద్యాలు కలపడానికి వచ్చి, అతని వేగం పట్టుకోలేక తంటాలు పడ్డారు.

మొదటిది పూర్తి చేయడానికి సాయం వచ్చింది ఎవరనుకుంటున్నారు? గిల్మోర్, వాటర్స్. కారు ఆపకుండా వెళ్ళినవాళ్ళే. తమ సొంత ఆల్బమ్ పని మధ్యలో టైము చేసుకుని కూర్చుని అతని పాటలు రికార్డు చేశారు. రెండోదానికి గిల్మోర్, రైట్ కూర్చున్నారు. వాళ్ళ గురించి నా అభిప్రాయం ఇక్కడ కొంచెం మారింది.

ఈ రెండు అట్టలూ చూడండి. మొదటిదానికి ఫొటో తీసే ముందు సిడ్ తన గది నేల చెక్కలకి ఒకటి విడిచి ఒకటి నారింజ, ఊదా రంగులు వేశాడు. ఆ చారల మధ్య గొంతుక్కూర్చున్నాడు. రెండోదాని మీద కీటకాల బొమ్మలు, ఆర్ట్ స్కూల్ రోజుల్లో తనే గీసినవి. పాటగాడు అలిసిపోతున్నా చిత్రకారుడు పని ఆపలేదు.

1970 జూన్‌లో లండన్ ఒలింపియా హాల్లో, గిల్మోర్ పక్కన బాస్ వాయిస్తుండగా, నాలుగు పాటలు పాడి గిటార్ కింద పెట్టి స్టేజీ దిగి వెళ్ళిపోయాడు. 1972లో కేంబ్రిడ్జ్‌లో కొద్ది రోజులు ఇంకో బ్యాండ్‌తో ప్రయత్నించాడు, నడవలేదు. 1974లో స్టూడియోకి ఒకసారి తీసుకొచ్చారు, అందులోంచి పాట ఏదీ రాలేదు. అతనికి అప్పుడు 28 ఏళ్ళు.

ఎవరూ గుర్తుపట్టలేదు

1975 జూన్ 5. పింక్ ఫ్లాయిడ్ ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన బ్యాండ్. అబ్బీ రోడ్‌లో కొత్త ఆల్బమ్ పని నడుస్తోంది. అందులో పెద్ద పాట 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్', సిడ్ గురించి రాసిందే. ఆ రోజు స్టూడియోలోకి ఒక లావుపాటి మనిషి వచ్చాడు. గుండు, కనుబొమ్మలు కూడా గీసేసుకున్నాడు. స్టూడియో స్టాఫ్ ఎవరో అనుకున్నారు. చాలాసేపటికి ఒకరికి వెలిగింది, ఇతను సిడ్ అని. వాటర్స్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎవరి కోసం పాట కట్టారో ఆ మనిషే పక్కన నిలబడితే, పాట కట్టినవాళ్ళకి పోలిక తెలియలేదు.

చాలా వ్యాసాలు ఇక్కడ ఆగిపోతాయి. ప్రతిభ, మత్తు, పతనం, కన్నీళ్ళు, సమాప్తం. కానీ సిడ్ ఆ తర్వాత ఇంకా 31 ఏళ్ళు బతికాడు. నాకు ఆ 31 ఏళ్ళే ముఖ్యమనిపిస్తున్నాయి.

రోజర్ గారు

ఇక్కడి నుంచి 'ఆయన' అంటాను. డబ్బులైపోయి కేంబ్రిడ్జ్‌లో అమ్మ దగ్గరికి వెళ్ళారు. 1982లో మళ్ళీ లండన్‌లో ఉండి చూశారు, కొన్ని వారాలే. తర్వాత లండన్ నుంచి కేంబ్రిడ్జ్‌కి నడిచి వచ్చేశారు. సుమారు 80 కిలోమీటర్లు! ఇక వెనక్కి పోలేదు.

సిడ్ అన్న పేరు వదిలేశారు. చిన్నప్పటి రోజర్ అయిపోయారు. సైకిల్ మీద బజారుకెళ్ళి సరుకులు తెచ్చుకునేవారు. తోటపని చేసుకునేవారు. ఇంట్లోకి కావలసిన సామాను చెక్కతో తనే చేసుకుని రంగులేసుకునేవారు. కళల చరిత్ర మీద తన కోసమే ఒక పుస్తకం రాసుకున్నారు. అన్నిటికంటే ఎక్కువగా బొమ్మలు వేశారు. ఆయన పద్ధతి ఏమిటంటే, బొమ్మ వేయడం, దానికి ఫొటో తీయడం, తర్వాత ఆ బొమ్మని నాశనం చేయడం. ఎగ్జిబిషన్ లేదు, అమ్మకం లేదు. ఏం పెట్టినా ఎన్ని లైకులొచ్చాయో చూసుకునే మన తరానికి ఇది జబ్బులా అనిపించవచ్చు. ఇంకోలా చూస్తే, బొమ్మ వేస్తున్నంతసేపే ఆయనకి కావలసింది.

ఈలోగా లోకం మాత్రం సిడ్‌ని వదల్లేదు. డేవిడ్ బోవీ 1973లోనే ఆయన పాట తిరిగి పాడాడు. తర్వాత ఆర్‌ఈఎం బ్యాండ్ పాడింది. ఇంట్లో కూర్చుని ఒక గిటార్‌తో తోచినట్టు పాడుకునే ఇండీ గాయకులు ఎంతోమంది ఆయన్ని గురువులా చూసుకున్నారు. అభిమానులు తలుపు కొట్టేవాళ్ళు, ఫొటోగ్రాఫర్లు వీధిలో కాపలా కాసేవాళ్ళు. వాళ్ళకి కావలసింది సిడ్, ఆ ఇంట్లో ఉన్నది రోజర్.

పాత పాటల మీద వచ్చే డబ్బు ఆయనకి సరిగ్గా అందేలా గిల్మోర్ చూసుకున్నాడు. 1991లో అమ్మ పోయాక ఇల్లు, ఆరోగ్యం కనిపెట్టుకుని ఉన్నది చెల్లెలు రోజ్‌మేరీ. ఆయనకి షుగర్ వ్యాధి ఉండేది. ఆమె వస్తూ పోతూ ఉండేది. అన్నయ్యని మేధావి అనీ అనలేదు, పిచ్చివాడనీ అననివ్వలేదు. 2001లో ఆయన మీద బీబీసీ డాక్యుమెంటరీ వస్తే వాళ్ళింట్లోనే కూర్చుని చూశారు. సందడి ఎక్కువగా ఉందన్నారట, తన పాత పాట 'సీ ఎమిలీ ప్లే' విని మాత్రం సంతోషపడ్డారట.

2006 జులై 7న క్యాన్సర్‌తో కేంబ్రిడ్జ్‌లో చనిపోయారు. 60 ఏళ్ళు. ఆ నవంబర్‌లో ఆయన సామాను వేలం వేశారు. మిగిలిన బొమ్మలు, నోట్‌బుక్కులు, తనే చేసుకున్న కుర్చీలు, బల్లలు, సైకిల్. మొత్తం సుమారు 1,20,000 పౌండ్లు పలికాయి. సిడ్ అనే పేరుకి జనం ఇచ్చిన ధర అది. అందులో చాలా వస్తువులు రోజర్ ఎవరికీ చూపించకుండా వాడుకున్నవి.

చివరగా

ఆయన జీవితం వృథా అయిందా? 1968లో కారులో కూర్చున్నవాళ్ళ వైపు నుంచి చూస్తే అలాగే ఉంటుంది. పొద్దున లేచి, రంగులు కలుపుకుని, సాయంత్రం సైకిల్ తొక్కిన మనిషి వైపు నుంచి చూస్తే నాకలా అనిపించడం లేదు. అలాగని హాయిగా బతికేశాడనీ రాయలేను. ఆ మనిషికి చాలా కష్టం కలిగింది, దాంట్లోంచి బయటపడి బతకడానికి ఒక పద్ధతి వెతుక్కున్నాడు, పక్కన ఒక చెల్లెలు నిలబడింది. నేను నమ్మకంగా చెప్పగలిగేది ఇంతే.

ఈ వ్యాసం సగం రాశాక మా వాడికి ఫోన్ చేశాను. నాలుగు నెలల తర్వాత. మొదటిసారి ఎత్తలేదు, పది నిమిషాలకి వాడే చేశాడు. ప్రాజెక్ట్ గురించి వాడు అడగలేదు. రివ్యూ రోజు పొద్దున సంగతి నేనే చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆ రోజు తలుపు బయట మీ మాటలు వినిపించాయిరా అన్నాడు.

వాడి గురించి రాసినదంతా వాడికి పంపించి, సరే అన్నాకే ఇక్కడ ఉంచాను. వచ్చే ఆదివారం ముగ్గురం వాళ్ళ ఊరెళ్తున్నాం. ప్యాసింజర్ రైలు, పొద్దున ఐదున్నరకి. ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది, తీసుకెళ్ళి ఇవ్వాలి.